మేట్రనమ్మ చెప్పని కారణాలు

మేట్రనమ్మ పోయారని నాకు చెప్పింది ఆవిడ చెల్లెలు. పోయిన నెలలో ఒక మంగళవారం పొద్దున బెళ్ళందూరు ఆఫీసుకి వెళ్ళే బస్సులో ఉండగా, తెలియని నంబరు నుంచి ఫోను వచ్చింది. అవతలి గొంతు బాగా అలసిపోయి ఉంది.

"అమ్మా, అక్క డైరీలో ఉన్న నంబర్లన్నిటికీ వరసగా చేస్తున్నానండీ. మీ పేరేంటో నాకు తెలీదు. ఇక్కడ 'చార్టు అమ్మాయి' అని రాసుంది. అక్క రాత్రి నిద్రలోనే పోయిందండీ. ఈ రోజంతా ఇంట్లోనే ఉంచుతాం. రేపు పొద్దున్నే తీసుకెళ్తాం."

నేను "వస్తున్నానండీ" అన్నాను. అని, రెండు స్టాపుల దాకా లేవలేకపోయాను. దుఃఖం వల్ల అనుకుంటే మీరు నన్ను మంచిదాన్ని అనుకున్నట్టవుతుంది. ఆ ఇంటికి వెళ్ళాలంటే నాకు మొహం చెల్లలేదు. ఎందుకు చెల్లలేదో చెప్పకుండా ఆవిడ గురించి మంచి మాటలు రాయడం కూడా నా వల్ల కాదు. అందుకే రెండూ కలిపి రాస్తున్నాను.

మేట్రనమ్మది బాపట్ల వైపు. ఇక్కడ కంటోన్మెంటు పక్కన ఒక మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేరి, చివరి పదిహేనేళ్ళు నర్సులందరికీ పెద్దగా ఉన్నారు. పెళ్ళి చేసుకోలేదు. నేను ఆ ఆసుపత్రి ఆఫీసులో టైపు పనికి చేరింది తొంభైల నడిమిలో. మాది నగర్తపేట. నాన్న జరీ దుకాణంలో పనిచేసేవాడు. బీకాం అయ్యాక ఆరు నెలలు కంప్యూటర్ కోర్సు చేశాను. మా వీధిలో కంప్యూటర్ ముట్టుకున్న మొదటి ఆడపిల్లని నేనే. ఆ సంగతి నేను మరిచేదాన్ని కాదు, ఎదుటివాళ్ళని మరవనిచ్చేదాన్నీ కాదు.

ఆసుపత్రిలో అరవై నాలుగు మంది నర్సులు. ఎవరు ఏ రోజు ఏ వార్డులో, పగలా సాయంత్రమా రాత్రా అన్నది మేట్రనమ్మ చార్టు వేసేవారు. చాప అంత కాగితం. నిలువునా పేర్లు, అడ్డంగా తారీఖులు. ప్రతి నెలా ఆఖరి వారంలో నాలుగు రోజులు దానికే పోయేవి. పెన్సిలుని ఆపరేషన్ బ్లేడుతో చెక్కుకునేవారు. ఇంజెక్షన్ సూదులు ఉడకబెట్టే పాత స్టీలు డబ్బాలో వేయించిన వేరుశెనక్కాయలు ఉండేవి. ఒక్కో పేరు దగ్గర ఆగి, ఒక పలుకు నోట్లో వేసుకుని, ఆ పేరు పెదాల మీదే అనుకుని, అప్పుడు గడి నింపేవారు. మధ్యలో తలుపు దగ్గర ఎవరో ఒకరు నిలబడేవాళ్ళు. "అమ్మా, మా తమ్ముడి నిశ్చితార్థం" అనో, "అమ్మా, బిడ్డకి జ్వరం తగ్గలేదు" అనో. ఆవిడ తలెత్తకుండానే "ఊఁ" అనేవారు. రబ్బరు తీసుకునేవారు.

ఒకసారి ఆ గదిలోకి ఏదో కాగితం తీసుకెళ్ళి, ఇంతసేపు ఎందుకు పడుతుందమ్మా అని అడిగాను.

"చార్టులో ఖాళీ గడి ఉందనుకో," అన్నారు, "అది సెలవు కాదమ్మాయ్. ఆ పూట ఒకింట్లో పిల్లలు వేడన్నం తింటారు. అది చూసుకుని వెయ్యాలిగా."

ఇంకో మాట కూడా తరచూ అనేవారు. "మందు వేళకి పడాలి నిజమే. మందు పోసే చెయ్యి కూడా వేళకి పడుకోవాలి."

తర్వాత ఏడాది ఆసుపత్రికి కొత్త అడ్మినిస్ట్రేటర్ వచ్చాడు. కోలారు మనిషి, చురుకైనవాడు, చెడ్డవాడు కాదు. ఆఫీసులో కొత్త కంప్యూటర్ పెట్టించి, నన్ను పిలిచి, "ఆయమ్మ నాలుగు దినాలు కూర్చోని చేస్తాండే పని నీ మిషన్‌లో ఎంత సేపవుతాదమ్మా?" అని అడిగాడు.

"పది నిమిషాలు సార్," అన్నాను. ఆలోచించకుండానే అన్నాను.

ఆ పది నిమిషాల కోసం నాకు రెండు నెలలు పట్టింది. స్ప్రెడ్‌షీటులో పేర్లు, తారీఖులు పెట్టాను. కింద వరసలో ఆ రోజు రాత్రికి ఎందరున్నారో అదే లెక్కపెట్టుకునేలా చేశాను. ఏ వార్డులోనైనా సీనియర్ లేకుండా కొత్తవాళ్ళే పడితే ఆ గడి ఎర్రబడుతుంది. పైన ఒక బటన్. దాన్ని నొక్కితే మాక్రో అనే చిన్న ప్రోగ్రాం నడిచి గడులన్నీ పైనుంచి కిందికి వాన కురిసినట్టు నిండేవి. మొదటిసారి అది నడిచినప్పుడు నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

ఆ నియమాలన్నీ నాకు నేర్పింది మేట్రనమ్మే. తన పనిని నేను మిషన్‌కి ఇస్తున్నానని ఆవిడకి కోపం రాలేదు. రోజూ మధ్యాహ్నం భోజనం అయ్యాక నా పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, శెనక్కాయలు నా చేతిలో పోసి, చెప్పేవారు. రాత్రి చేసినవాళ్ళకి మర్నాడు పగలు వెయ్యకూడదు. ఐదు రాత్రులకి మించి వరసగా వద్దు. ఆపరేషన్ థియేటరు పక్క వార్డులో ఇద్దరు పాతవాళ్ళు ఉండాలి. అన్నీ రాసుకున్నాను. పాత చార్టుల్లో కొన్ని పేర్ల పక్కన పెన్సిలుతో చిన్న చుక్క ఉండేది. అదేమిటని అడిగితే, "అవి నా తలలో ఉండేవిలే. నీ మిషన్‌లో పెట్టకు," అన్నారు. "నువ్వు చార్టు వేసి నాకివ్వు. చివర్లో నేనొకసారి చూసుకుంటాను."

అలాగే జరిగింది. నేను పది నిమిషాల్లో చార్టు తీసి ఇచ్చేదాన్ని. ఆవిడ అరగంట దగ్గర పెట్టుకుని, పది పన్నెండు మార్పులు పెన్సిలుతో చేసి పంపేవారు. నాలుగు రోజుల పని అరగంటకి వచ్చింది. ఇప్పుడు చూస్తే అంతకంటే చక్కటి ఏర్పాటు ఉండదనిపిస్తుంది. అప్పుడు నాకు మాత్రం ఆ పెన్సిలు గీతలు ఒళ్ళు మండించేవి. నేను తప్పు చేయలేదు, మిషన్ తప్పు చేయలేదు, మరి ఈ దిద్దుబాటు దేనికి?

ఒకరోజు అడ్మినిస్ట్రేటర్ ఆ దిద్దిన కాగితం చూశాడు. "ఎందుకమ్మా ఇన్ని కొట్టేసిండారు? నీ షీటులో ఏమన్నా తప్పుండాదా?"

"నా షీటులో తప్పు లేదు సార్. మేడమే కొందరికి నైట్లు తీసేస్తారు," అన్నాను.

అక్కడితో ఆగి ఉంటే అది మాట జారడమే అయ్యేది. నేను ఆగలేదు. "ఎవరికి ఎన్ని నైట్లు పడ్డాయో లెక్క తీసి చూపిస్తాను సార్" అని నేనే అన్నాను. ఆయన అడగలేదు. ఇది మీరు గుర్తుంచుకోవాలి. ఇన్నేళ్ళూ ఈ కథని నాకు నేను చెప్పుకునేటప్పుడు ఆయన అడిగాడనే చెప్పుకున్నాను.

రెండేళ్ళ పాత చార్టులు రికార్డు గది నుంచి తెచ్చి, వారం రోజులు కూర్చుని ఒక్కో గడీ టైపు చేశాను. ఆ పనిలో ఉండగా ఒక కాగితం దగ్గర నా చెయ్యి ఆగింది. అది నేను చేరిన కొత్తలో మా అమ్మకి అదే ఆసుపత్రిలో గర్భసంచి ఆపరేషన్ అయిన వారం. ఆడవాళ్ళ సర్జరీ వార్డులో మూడు రాత్రుల గడుల్లో ముందు రాసిన పేరు చెరిపేసి, ఆసుపత్రిలో అందరికంటే చెయ్యి తిరిగిన సీనియర్ పేరు వేసి ఉంది. రబ్బరుతో రుద్దిన చోట కాగితం పలచబడి ఉంది. అమ్మ ఇంటికి వచ్చాక అన్న మాట నాకు గుర్తొచ్చింది. "ఆయమ్మ రాత్రంతా నా పక్కలోనే కూర్చోనుండాది. నాకు భయమే కాలేదు." ఆ ఏర్పాటు ఎవరు చేశారో మాకు ఎవరూ చెప్పలేదు. ఆ కాగితం చూశాక నాకు తెలిసింది.

తెలిసింది. అయినా ఆ మూడు రాత్రులూ టైపు చేశాను. లెక్కలో కలిపాను. తర్వాతి కాగితం తీసుకున్నాను.

లెక్క తేలింది. ముగ్గురు నర్సులకి రెండేళ్ళలో నైట్ డ్యూటీ దాదాపు లేదు. ఆ మూడు వరసలకి పసుపు రంగు వేసి, ప్రింటు తీసి, కింద మూలలో నా పేరు పెట్టుకుని ఇచ్చాను.

అడ్మినిస్ట్రేటర్ గదిలో మేట్రనమ్మని కూర్చోబెట్టి ఆ కాగితం ముందు పెట్టినప్పుడు నేను బీరువా పక్కన నిలబడి ఉన్నాను. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని, పైనుంచి కింది దాకా, తొందర లేకుండా చదివారు. కింద మూలకి వచ్చాక తలెత్తి నన్ను చూశారు.

"నువ్వే చేశావా అమ్మాయ్?"

"అవునమ్మా."

"బాగా చేశావు. తప్పొక్కటీ లేదు," అన్నారు. ఎగతాళిగా కాదు. నా పాఠం అప్పజెప్పించుకున్నట్టే అన్నారు.

ఆయన అడిగాడు. "మేడం, ఈ ముగ్గురికీ నైట్లు ఎందుకు లేవు?"

"నేనే వెయ్యలేదండీ."

"కారణం ఉండాల గదా."

"ఉంది. చెప్పను."

"చెప్పకుంటే మీకు కావల్సిన వాళ్ళకి వదిలేసినారని అనుకోవాల్సి వస్తాది."

ఆవిడ కళ్ళజోడు తీసేశారు. "అనుకోండి," అన్నారు. కాగితం మడిచి బల్ల మీద పెట్టి, కుర్చీని చప్పుడు కాకుండా వెనక్కి జరిపి, వెళ్ళిపోయారు.

మరుసటి నెల నుంచి చార్టు ఆవిడ దగ్గరికి వెళ్ళలేదు. నేను బటన్ నొక్కిన చార్టే నేరుగా నోటీసు బోర్డు ఎక్కింది. పెన్సిలు గీత ఒక్కటీ లేదు. దాన్ని అతికించి, రెండడుగులు వెనక్కి వేసి చూసుకున్నాను.

ఆ ముగ్గురిలో ఒకామె సలోమి. నాకంటే రెండేళ్ళు చిన్న. కొత్త చార్టు ఆమెకి వరసగా ఐదు నైట్లు వేసింది. ఐదో రోజు పొద్దున నేను ఆఫీసుకి వెళ్ళేసరికి గేటు దగ్గరే చెప్పారు. తెల్లవారుజామున ట్రే పట్టుకుని వార్డులో నడుస్తూ సలోమి మూర్ఛ వచ్చి పడిపోయింది. కనుబొమ్మ మంచం ఇనుముకి తగిలి చీలింది. ఏడు కుట్లు. రోగులకి ఏమీ కాలేదు. కానీ నోట నురగ రావడం, కాళ్ళూ చేతులూ కొట్టుకోవడం వార్డంతా చూసింది. ఆ జబ్బు ఆమెకి చిన్నప్పటి నుంచీ ఉంది. మందు వేసుకుని, రాత్రి నిద్ర పాడుచేసుకోకుండా ఉంటే ఏళ్ళ తరబడి రాదు. తెలిస్తే ఉద్యోగం ఉండదని ఒక్క మేట్రనమ్మకి తప్ప ఎవరికీ చెప్పుకోలేదు. ఇప్పుడు అందరికీ తెలిసింది. రెండు వారాల్లో ఆమె చేత రాజీనామా రాయించుకున్నారు.

రెండో ఆమెకి తాగొచ్చే మొగుడు, ఎదిగిన కూతురు. ఆ పిల్లని రాత్రిపూట ఇంట్లో వదిలి రాలేదు. ఇది ఎన్నో ఏళ్ళకి ఆమే నాతో చెప్పింది. మూడో ఆమె కారణం నాకు ఇప్పటికీ తెలియదు. తెలుసుకునే హక్కు కూడా లేదు.

సలోమి పడిన రోజు మధ్యాహ్నం మేట్రనమ్మ గదికి వెళ్ళాను. బల్ల మీద ఏమీ లేదు. ఆవిడ చేతులు రెండూ బల్ల మీద పెట్టుకుని కూర్చున్నారు.

"నాకు తెలీదమ్మా," అన్నాను.

"తెలీదు. నిజమే," అన్నారు. "అడిగావా మరి?"

అంతే. ఆవిడ నన్ను అన్న కఠినమైన మాట, నాకు తెలిసినంతలో, అదొక్కటే. అడిగినా ఆవిడ చెప్పేవారు కాదని అప్పట్లో నన్ను నేను సమర్థించుకున్నాను. చెప్పకపోవచ్చు. కానీ "మీరు మార్చిన పేర్లకి కారణం ఉందా?" అని అడిగితే "ఉంది" అని చెప్పేవారు. నాకు ఆ ఒక్క మాట సరిపోయేది. అది కూడా అడగలేదంటే, నాకు కావలసింది కారణం కాదు.

ఆ సాయంత్రమే కూర్చుని షీటులో ఒక నిలువు వరస కలిపాను. ఏ పేరు ఎదురుగా అక్కడ ఒక గుర్తు పెడితే, ఎందుకని అడక్కుండా, మాక్రో ఆ మనిషికి నైట్ వెయ్యదు. అరగంట పట్టింది. ముందే చేసి ఉండాల్సిన అరగంట పని. మేట్రనమ్మ మాత్రం మళ్ళీ చార్టు ముట్టుకోలేదు. ఇంకా రెండేళ్ళ సర్వీసు ఉండగానే మార్చిలో రిటైరయ్యారు. వీడ్కోలు రోజున నేను సెలవు పెట్టాను.

నాకు ఆ షీటు వల్ల మేలే జరిగింది. దాన్ని చూపించి ఒక కంపెనీలో చేరాను. ఇంటర్వ్యూలో "నాలుగు రోజుల పనిని పది నిమిషాలకి తెచ్చాను" అని చెప్పాను. ఆ వాక్యం తర్వాత ఎన్నిచోట్ల వాడానో లెక్క లేదు. కొత్తగా చేరిన పిల్లలకి స్ప్రెడ్‌షీటు పాఠం చెప్పేటప్పుడు ఉదాహరణగా ఆ చార్టునే చూపించేదాన్ని. అందులో మేట్రనమ్మ ఉండేవారు కాదు. కుట్లు ఉండేవి కావు.

ఆరేడేళ్ళ తర్వాత ఒకరోజు ఆవిడే ఫోను చేశారు. నా నంబరు ఎవరి దగ్గర తీసుకున్నారో తెలియదు. "అమ్మాయ్, మా చర్చిలో కదల్లేని ముసలాళ్ళు నలభై మంది ఉన్నారు. ఎవరింటికి ఎవరు ఏ రోజు వెళ్ళాలో నీ షీటులో పెట్టుకోవచ్చా? నాకు నేర్పుతావా?"

ఆదివారం కమ్మనహళ్ళి వెళ్ళాను. ఇద్దరు అక్కచెల్లెళ్ళే ఉన్న చిన్న ఇల్లు. మేనల్లుడు ఇచ్చిన పాత కంప్యూటర్. ఆవిడ చూపుడు వేలు ఒక్కదానితో, ఒక్కో అక్షరం వెతుక్కుని టైపు చేశారు. ఒకచోట ఆగి, "ఈ గడిలో ఏమీ రాయకపోతే ఇది ఏమనుకుంటుంది?" అని అడిగారు.

"సున్నా అనుకుంటుందమ్మా."

ఆవిడ నవ్వారు. "అదే దీనికున్న జబ్బు."

కోడిగుడ్డు పులుసుతో అన్నం పెట్టారు. తింటున్నంతసేపూ చెప్పాలనే అనుకున్నాను. ఆ లెక్క ఎవరూ అడక్కుండా నేనే తీశానని, మా అమ్మ పక్కన మూడు రాత్రులు ఎవరిని కూర్చోబెట్టారో నాకు తెలుసని. ఆవిడ మజ్జిగ పోస్తూ "అమ్మ బాగుందా?" అని అడిగారు. "బాగుందమ్మా" అని చెయ్యి కడుక్కున్నాను. వచ్చే వారం వచ్చి మిగతాది నేర్పుతానని చెప్పి వచ్చాను. వెళ్ళలేదు. రెండుసార్లు ఫోను చేశారు. పని ఉందన్నాను. ఆ తర్వాత ఆవిడ చేయలేదు.

ఆ మంగళవారం మారతహళ్ళిలో దిగి, ఇంకో బస్సెక్కి, పది గంటలకి ఆ ఇంటికి చేరాను. వాకిట్లో షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు. లోపల ఆవిడని తెల్లచీరలో పడుకోబెట్టారు. తల దగ్గర కుర్చీలో ఒకామె బైబిలు పట్టుకుని కూర్చుని ఉంది. కనుబొమ్మ మీది మచ్చ చూసి గుర్తుపట్టాను.

కాసేపటికి సలోమి నీళ్ళు తాగడానికి బయటికి వచ్చింది. ఆసుపత్రి మానేశాక మేట్రనమ్మే తనని ఒక స్కూల్లో పిల్లల నర్సుగా పెట్టించారని, ఇప్పటికీ అక్కడే ఉన్నానని చెప్పింది. నేను వింటున్నాను. ఆమె గ్లాసు కింద పెట్టాక అన్నాను.

"సలోమీ, ఆ లెక్క తీసింది నేను. నన్నెవరూ అడగలేదు. నేనే తీసి ఇచ్చాను."

ఆమె నన్ను తేరిపార చూసింది. "తెలుసక్కా. కాగితం మీద నీ పేరుండె గదా. అందరం చూసినాము."

"నువ్వు నన్నెప్పుడూ అడగలేదు."

"అడగల్ల అనుకున్న్యా. మేట్రనమ్మ వద్దనింది. 'ఆ పిల్లకి చేతనయింది చేసింది, దానికి తెలిసినాక అదే వస్తాదిలే' అనింది." సలోమి కొంగుతో మూతి తుడుచుకుంది. "నువ్వు వచ్చి చెప్తావని శానా దినాలు చూసింది. ఇప్పుడొచ్చి నాకు చెప్తాండావు. నాకు చెప్పి ఏం లాభమక్కా?"

కోపంగా అనలేదు. అని, లోపలికి వెళ్ళి, తన కుర్చీలో కూర్చుని, వదిలేసిన చోటు నుంచి మళ్ళీ చదవసాగింది. నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను. వచ్చినవాళ్ళకి కుర్చీలు జరుపుతూ అక్కడే ఉండిపోయాను.

అప్పుడు గమనించాను. మా పాత ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ దిగిన నర్సులు పొద్దున్నే నేరుగా వచ్చి, నిద్ర కళ్ళతో గోడకి ఆనుకుని ఉన్నారు. పదకొండున్నరకి వాళ్ళు లేచారు. సాయంత్రం డ్యూటీవాళ్ళు యూనిఫారాల్లో వచ్చి వాళ్ళ చోట్లలో కూర్చున్నారు. ఒంటిగంటకి వీళ్ళు లేచి బస్సుకి వెళ్ళిపోయారు. ఆ రోజు సెలవు పడినవాళ్ళు వచ్చి ఆ కుర్చీల్లో కూర్చున్నారు. మూడు గంటలకి పగటి డ్యూటీ దిగినవాళ్ళు చెమటతో, చేతులకి డెట్టాలు వాసనతో వచ్చారు. ఎవరు ఎప్పుడు రావాలో ఎవరూ రాసివ్వలేదు. అక్కడ ఆసుపత్రిలో ఒక్క వార్డూ ఖాళీ కాలేదు. ఇక్కడ ఆవిడ పక్కన ఒక్క కుర్చీ ఖాళీ కాలేదు.

గుమ్మం బయట వాళ్ళు విడిచిన తెల్ల బూట్లు మెట్ల దాకా వరసగా ఉన్నాయి. ఒక జత వెళ్తుంటే ఇంకో జత వచ్చి ఆ ఖాళీలోనే ఆగుతోంది. చీకటి పడేదాకా నేను వాటిని చూస్తూ నిలబడ్డాను.